కట్టించినోళ్ల పేరుంది, కట్టినోళ్ల పేరేది?

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో పోచారం చెరువు ఉంది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట అది. 1922లో పూర్తయింది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కంటే పెద్దది వయసులో. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో పదివేల ఎకరాలకు పైగా దీని నీళ్ల మీదనే పండుతుంది.

ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కట్టించాడని పుస్తకాల్లో రాసుకున్నారు. నిజాం తట్ట నెత్తిన పెట్టుకున్నాడా? రాయి కొట్టినవాళ్లను, మట్టి మోసిన ఆడకూలీలను తలిచేవాళ్లు లేరు.

2025 ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి జిల్లాలో ఒకచోట ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వరద పోచారం మీదికి విరుచుకుపడితే కింది పల్లెలు ప్రాణాలు అరచేత పట్టుకున్నాయి. నూటమూడేళ్ల కట్ట నిలబడింది. పేరు లేని ఆ చేతుల పనితనం అది.

అయితే ఒకసారి కట్టి వదిలేస్తే చెరువు బతకదు. 2.4 టి.ఎం.సి.లు పట్టేలా కట్టిన పోచారంలో పూడిక చేరి, ఇప్పుడు 1.8 టి.ఎం.సి.లే పడుతున్నాయి. ఏటేటా బాగుచేసే చేయి కావాలె.

జపాన్‌లో ఒసాకా దగ్గర సయామా చెరువు ఉంది. ఏడో శతాబ్దం మొదట్లో కట్టారు. 1400 ఏళ్లయినా ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి. కట్టను అడ్డంగా కోసి అక్కడి మ్యూజియంలో పెట్టారు. ఏ కాలంలో ఎంత మట్టి పోశారో పొరపొరగా కనిపిస్తుంది. 1202లో చోగెన్ అనే బౌద్ధ సన్యాసి దాన్ని బాగుచేయించాడు. అప్పటి రాతి శాసనంలో ఏముందంటే, ఆడా మగా, పిల్లలూ, బిచ్చగాళ్లూ, వెలివేయబడినవాళ్లూ తమ చేతులతో రాళ్లు లాగి కట్ట కట్టారని. పేర్లు రాయకపోయినా, కష్టం ఎవరిదో రాశారు.

మన దగ్గర కాకతీయుల చెరువుల శాసనాల్లో రాజులు, సామంతులు కనిపిస్తారు. నిజాం కాలపు పల్లెల్లో దొరలు వెట్టితోనే చెరువు పనులు చేయించుకున్నారు. నీళ్లు దొర పొలానికి, తట్ట కూలోడి నెత్తికి.

వెట్టి పోయింది. 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. పూడిక తీశారు, మంచిదే. కానీ ఆ పని ఎక్కువగా మిషన్లతో, కాంట్రాక్టర్ల చేతుల మీదుగా సాగింది. పోచారం అంతటి చెరువుకు మిషన్లు వద్దని మనం అనం. కట్ట మీది తుప్పలు కొట్టడం, తూము ముందు బురద తీయడం, పిల్లకాలువలు సాపు చేయడం మాత్రం చేతుల పనే. ఆ పనయినా కూలోళ్లకు దక్కాలె.

అందుకే ఎల్లారెడ్డి, కామారెడ్డి కూలీ అన్నలారా, అక్కలారా, ఊరూరా గ్రామసభల్లో ఈ నాలుగూ అడగండి. చెరువు, కాలువ పనులు ముందు ఊరి కూలీలకే ఇవ్వాలె. ఆడా మగా కూలి సమానంగా ఉండాలె. మడి మడికి నీళ్లు పారించే నీరటికి నెల జీతం కట్టివ్వాలె. పెద్దలు కలుపుకున్న శిఖం భూమిని చెరువులో కలపాలె. అడిగినప్పుడు కాగితం మీద రాయించి, రసీదు తీసుకోండి.