అవతలి వికెట్ దగ్గర నిలబడ్డవాడు

మా వఫాదారీకి సబూత్ అడిగేవాళ్ళ దగ్గర రెండే పరీక్షలున్నాయి. ఒకటి ఫౌజు, రెండోది క్రికెట్. సరిహద్దులో తుపాకులు మోగినా, పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉన్నా ఆదోనిలో, ఎమ్మిగనూరులో అందరి చూపూ మా మొహాల మీదే. మేం నవ్వితే ఒక అర్థం, నవ్వకపోతే ఇంకో అర్థం. టీవీ ముందు కూచుంటే ఎవరి కోసం? కూచోకపోతే ఎందుకు కూచోలేదు?

సరే, ఆ రెండింటి గురించే మాట్లాడుకుందాం. ఒక ఫౌజీ, ఒక ముసల్మాను క్రికెటర్ ఒకే పిచ్ మీద నిలబడ్డ రోజు సంగతి చూద్దాం.

1952 అక్టోబర్, ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానం. పాకిస్తాన్ ఆడిన మొట్టమొదటి టెస్టు అది. దేశం రెండు ముక్కలై అప్పటికి ఐదేళ్ళు. ఎదుటి జట్టు కెప్టెన్ కర్దార్ 1946లో ఇండియా తరపున ఆడినవాడే. మనవాళ్ళు 263 పరుగులకు 9 వికెట్లు పోగొట్టుకున్నారు. ఒక కొసన హేమూ అధికారి. పూనాలో పుట్టిన ఫౌజు ఆఫీసరు, లెఫ్టినెంట్ కర్నల్ హోదా దాకా వెళ్ళినవాడు. రెండో కొసకు వచ్చింది గులాం అహ్మద్. హైదరాబాదీ, ఆఫ్ స్పిన్నర్.

ఆ ఇద్దరూ కలిసి 109 పరుగులు చేశారు. అధికారి 81 నాటౌట్, గులాం 50. స్కోరు 372కు చేరింది. వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు. ఇండియా ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచింది. ఇండియా పదో వికెట్ రికార్డుగా ఆ 109 యాభై రెండేళ్ళు నిలబడింది. 2004లో ఢాకాలో దాన్ని దాటిన జంట టెండూల్కర్, జహీర్ ఖాన్.

గులాం అహ్మద్ మొదటి టెస్టు ఎప్పుడాడాడో తెలుసా? 1948 డిసెంబర్ 31న కలకత్తాలో మొదలైన టెస్టు. పోలీసు చర్య జరిగింది అదే సంవత్సరం సెప్టెంబర్‌లో. హైదరాబాదు ముసల్మాను మీద అనుమానం పచ్చిగా ఉన్న రోజులవి. ఆయన 22 టెస్టులాడి 68 వికెట్లు తీశాడు. మూడు టెస్టుల్లో ఇండియాకు కెప్టెన్ అయ్యాడు. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశానికి కెప్టెన్ అయ్యాడు. వెళ్ళినవాడి లెక్క ఉన్నవాడి దగ్గర అడిగే న్యాయం ఎక్కడిది?

మా సంగతి ఇంకా విచిత్రం. ఆదోనిని నిజాం 1800లోనే దత్తమండలాలతో పాటు కంపెనీకి రాసిచ్చేశాడు. 1948లో మాది మద్రాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాం. నిజాం రాజ్యం తుంగభద్రకు అవతల. అయినా ఊళ్ళో గొడవొస్తే మమ్మల్ని పిలిచే పేరు రజాకార్లే. చరిత్ర చదవనివాళ్ళు మాకు చరిత్ర పరీక్ష పెడతారు!

మా పెద్దమనుషులతోనూ మాకు పేచీ ఉంది. సభ పెడితే చాలు, జాబితా తీస్తారు. 1948లో కాశ్మీర్‌లో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్, 1965 యుద్ధపు పరమవీర అబ్దుల్ హమీద్, క్రికెట్‌లో గులాం అహ్మద్, ఆబిద్ అలీ, అజహర్. వాళ్ళంటే మాకూ గర్వమే. కానీ ఆ పేర్లను రసీదుల్లా చూపించడమేమిటి? రసీదు చూపించామంటే బాకీ ఉందని ఒప్పుకున్నట్టే కదా.

పైగా ఆ రసీదు ఎన్నాళ్ళు చెల్లుతుంది? 2021 అక్టోబర్‌లో దుబాయిలో ఇండియా పది వికెట్ల తేడాతో పాకిస్తాన్ చేతిలో ఓడింది. ఓడింది పదకొండుమంది. గద్దార్ అనిపించుకున్నది మహమ్మద్ షమీ ఒక్కడు. ఏళ్ళ తరబడి దేశం కోసం తీసిన వికెట్లు ఒక్క సాయంత్రానికి చెల్లని కాసులయ్యాయి. అంతటివాడి సబూతే చెల్లకపోతే, ఎమ్మిగనూరులో మగ్గం మీద కూచున్నవాడు ఏం చూపించాలి? ఆదోని మార్కెట్లో పత్తి బోరేలు మోసే హమాలీ, పరుపులు కుట్టే దూదేకులవాడు ఏ స్కోరు కార్డు తేవాలి?

ఏమీ తేనక్కర్లేదు. బ్యాటు పట్టడం రానివాడికీ, తుపాకీ ముట్టనివాడికీ ఈ దేశంలో సమాన హక్కుంది. రాజ్యాంగం రాసినవాళ్ళు పౌరసత్వానికి సగటు పరుగుల లెక్క పెట్టలేదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మాకు మంచి ముసల్మాన్లన్న సర్టిఫికెట్లు ఇవ్వకండి. ఆ ఫౌజీని చూడండి. పదకొండో నంబరువాణ్ణి నమ్మి కోట్లాలో స్ట్రైకు పంచుకున్నాడు. 1971 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు పరుగు కొట్టింది హైదరాబాదు ఆబిద్ అలీ. ఆ జట్టు మేనేజరు అదే అధికారి. షమీని తిట్టినప్పుడు కెప్టెన్ కోహ్లీ నోరు విప్పి అతని పక్కన నిలబడ్డాడు. మేం అడిగేది ఆ మాత్రమే. మా వీధిలో మమ్మల్ని సబూత్ అడిగినప్పుడు, మా తరఫున జవాబు చెప్పే పని మీరు పెట్టుకోవద్దు. ఆ ప్రశ్న అడిగే హక్కు నీకెవరిచ్చారని అడిగినవాణ్ణి నిలదీయండి.