నిలిచిన నీళ్లు ఎవరి ఖాతాలో?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. సర్కారుకు వరదంటే ఈ అంకెలే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడూ ఇవే లెక్కలు. ఒడ్డున చెలక ఉన్న రైతు లెక్క వేరు. నీళ్లు చేలో ఎన్ని రోజులు నిలిచాయి, పోతూ పోతూ ఒండ్రు వదిలాయా, ఇసుక వదిలాయా? అతను అడిగేది ఇదే.

చర్ల, దుమ్ముగూడెం, మంగపేట, వాజేడు ప్రాంతాల్లో రెండు మూడు రోజుల్లో తీసిపోయే వరదను రైతు పగవాడిగా చూడడు. ఆ ఒండ్రు మీదే మిర్చి పండుతుంది. అందుకే సాగునే వరదకు తగ్గట్టు మలుచుకున్నాడు. నారు మెరకలో పోసుకుంటాడు, పోటు తగ్గాకే ఒడ్డు భూముల్లో నాటుతాడు. గోదావరి ఎర్రబారిందంటే మోటార్లు, పైపులు విప్పి పైకి చేరుస్తాడు, గొడ్లను గుట్టల వైపు తోలుతాడు. ముందు పెట్టిన పత్తి పోతే మళ్లీ గింజ పెడతాడు. ఇది ఏ అధికారీ వచ్చి నేర్పిన పాఠం కాదు, తాతల నాటి సోయి.

ఈ సోయికి లొంగనిది ఎగపోటు. గోదావరి నిండుగా పారుతుంటే వాగుల నీళ్లు కలిసే చోటు లేక వెనక్కి ఎక్కుతాయి. కూనవరం దగ్గర శబరి చేసేదీ అదే. ఆ నీళ్లు పారవు, నిలుస్తాయి. పత్తి వేరు కుళ్లుతుంది.

ఎగపోటు పాతదే. దానికి బరాజ్‌లు తోడు కావడమే కొత్త. 2019లో మేడిగడ్డ, అన్నారం బరాజ్‌లు నిండాక, ఎన్నడూ మునగని చేలు మునిగాయంటూ చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి రైతులు మొత్తుకున్నారు. ప్రాణహిత అవతల, మహారాష్ట్రలోని సిరొంచ రైతులదీ అదే గోస. తాత చెప్పిన గుర్తులు ఇక్కడ పనికిరావు. మబ్బును చూసి వాన చెప్పొచ్చుగానీ, గేట్లు ఎప్పుడు దించుతారో, ఎప్పుడు ఎత్తుతారో చెప్పగలమా? 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక కోట్ల లెక్కల మీద ఎంత రభస జరిగిందో చూశాం. అందులో ఈ చేల ముచ్చట ఎంతసేపు వినబడింది?

వరదతో కలిసి బతకడం రైతుకు తెలుసని పెద్దలు మెచ్చుకుంటున్నారు. సంతోషం. మరి రెండోసారి పెట్టిన విత్తనం ఖర్చెవరిది? దానికోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఎవరు కడతారు? రాష్ట్రం 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకుంది. 2022, 2023 వరదల్లో రైతు చేతిలో బీమా కాగితం లేదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగాక పంట నష్టానికి ఎకరానికి 10 వేలన్నారు. ఇసుక మేట వేసిన పొలంలో పోయింది ఒక్క పంటేనా? ట్రాక్టర్లు, జేసీబీల కిరాయి కట్టి మేట తీస్తే తప్ప నాగలి దిగదు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే ఇచ్చారు. మునిగిన చేనును కౌలుకు చేసినవాడు, పట్టా లేని పోడు రైతు ఏ కాగితం చూపాలి?

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. కృష్ణాలో మన వాటా ఎన్ని టీఎంసీలో, గోదావరిలో ఎన్నో మన విద్యార్థికీ ఉద్యోగికీ నోటికొచ్చు. చేలో నిలిచిన నీళ్లకు మాత్రం లెక్క రాసే రిజిస్టరే లేదు.

మేమడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. ఏ ఊళ్లో, ఏ చేలో నీళ్లు ఎన్ని రోజులున్నాయో ఊరి ముందరే రాయాలి. సాగు చేసినవాడి పేరే రాయాలి. మేటకు వేరుగా, పంటకు వేరుగా కట్టివ్వాలి. గేట్లు కదిలించే ముందు కబురు కలెక్టరేట్ దాకా కాదు, చేను దాకా రావాలి. బరాజ్ నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో కోటపల్లి రైతులు గట్టు మీద నిలబడి చూపిస్తారు. సర్వేయర్లను వానాకాలం లోపే పంపాలి.