ఊడిపోయే పళ్లే కదా... అనుకుంటే!

రాత్రి రెండు గంటలు. నాలుగేళ్ల బుజ్జిగాడు దవడ పట్టుకుని ఒకటే ఏడుపు. అమ్మ లైటేసి, నోరు తెరిపించి చూస్తే కింది దవడ పన్నులో నల్లటి గుంట.

'ఇదెప్పట్నుంచి ఉందండీ?' అని భర్తను అడిగింది. ఆయనకు మాత్రం ఏం తెలుసు! పిల్లాడి నోట్లోకి లైటు పెట్టి చూడటం ఇద్దరికీ అదే మొదటిసారి. 'పాలపన్నేలే తల్లీ, రేపోమాపో ఊడిపోయేదేగా' అంటూ అమ్మమ్మ పంటికింద లవంగం పెట్టబోయింది. బుజ్జిగాడు దాన్ని ఉమ్మేసి రాగం పెంచాడు. తెల్లారుజామున ఎప్పటికో నిద్రపట్టింది. పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గరికి పరుగు.

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు దంతవైద్యుడితో తొలి పరిచయం ఇలాగే అవుతుంది... నొప్పితో, నిద్రలేని కళ్లతో. అసలే 'అల్లరి చేశావంటే డాక్టరుతో చెప్పి పళ్లు పీకించేస్తా' అని ఎన్నాళ్లుగానో బెదిరించి ఉంటాం. ఇక వాడు ఆ కుర్చీ ఎక్కుతాడా!

అమ్మమ్మ అన్న 'రేపోమాపో' దగ్గరే ఉంది తిరకాసంతా. పాలపళ్లు మొత్తం 20. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడిపోతాయి, నిజమే. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన పన్ను అందరికీ గుర్తుంటుంది. కానీ వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్లదాకా ఉండాల్సినవి. అంటే నాలుగేళ్ల బుజ్జిగాడి పన్ను ఇంకో ఆరేడేళ్లు నమలాలి. నమలడమే కాదు, తర్వాత వచ్చే శాశ్వత దంతానికి చోటు కూడా కాపాడాలి. ముందే పీకించేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. చోటు చాలక కొత్త పన్ను వంకరగా వస్తుంది. పైగా శాశ్వత దంతం తయారయ్యేది ఆ పాలపన్ను వేళ్ల దగ్గరే. అక్కడ చీముపడితే కొత్త పన్ను మచ్చలతో, గుంటలతో రావచ్చు.

ఇంకో సంగతి. పాలపంటి మీద పింగాణీ పొర పలుచన. లోపలి నరమేమో పైకే ఉంటుంది. పెద్దవాళ్లలో ఏళ్లు పట్టే పిప్పి పిల్లల్లో నెలల్లోనే నరందాకా వెళ్లిపోతుంది.

మరి ఇదంతా ఎక్కడ మొదలవుతుంది? చాలావరకు పాలసీసా దగ్గర. పంచదార కలిపిన పాలు సీసాలో పోసి నోటికందిస్తే బిడ్డ చప్పరిస్తూ నిద్రపోతుంది. అమ్మకూ హాయి. కానీ నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. పళ్లను కడిగే దిక్కుండదు. పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి, సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లంగా మార్చేస్తాయి. ముందు దెబ్బతినేది పైవరసలోని నాలుగు ముందుపళ్లే. కింది ముందుపళ్లకు నాలుక అడ్డుంటుంది కాబట్టి అవి చాలావరకు బతికిపోతాయి. తల్లిపాలు మాన్పించమని కాదు దీనర్థం. పళ్లొచ్చాక పాలు తాగించి, పళ్లు తుడిచి పడుకోబెట్టాలి. ఆ తర్వాత దాహమంటే మంచినీళ్లే. ఇంట్లో పెద్దల పిప్పిపళ్లకూ వైద్యం చేయించుకోవాలి. అమ్మ రుచి చూసిన చెంచాతోనే పాపాయికి తినిపిస్తే ఆ సూక్ష్మజీవులూ వెంట వెళతాయి.

పిప్పి మొదట నల్లగా కనిపించదు, తెల్లగా కనిపిస్తుంది! చిగురు అంచు వెంట సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్లగీత. ఆ దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్ పూతతో, శ్రద్ధగా తోమడంతో చాలావరకు వెనక్కి మళ్లించవచ్చు. డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. గోధుమరంగుకు తిరిగి గుంట పడిందంటే ఆ అవకాశం పోయినట్టే. అందుకే నెలకోసారి పాపాయి పై పెదవి ఎత్తి వెలుతుర్లో చూడండి. అర నిమిషం పని.

పళ్ల డాక్టరుకు మొదటిసారి ఎప్పుడు చూపించాలి? తొలి పన్ను వచ్చిన ఆరు నెలల్లోపు, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజులోపు. అమెరికాలో పిల్లల దంతవైద్యుల అకాడమీ చెప్పేది ఇదే. 'రెండు పళ్లకు డాక్టరెందుకు?' అని నవ్వుకోవచ్చు. ఆ వయసులో వైద్యమేమీ ఉండదు కాబట్టే వెళ్లాలి. కుర్చీ కూడా అవసరం లేదు. డాక్టరు, అమ్మ మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల డాక్టరు ఒళ్లో, కాళ్లు అమ్మ నడుముకు చెరోవైపు. అమ్మ మొహం కనిపిస్తూనే ఉంటుంది. ఏడ్చినా ఫర్వాలేదు, నోరు బాగా తెరుచుకుంటుంది! రెండు నిమిషాల్లో పళ్లు, చిగుళ్లు చూసి, ఎలా తోమాలో చూపిస్తారు.

తోమడం తొలి పన్నుతోనే మొదలు. మూడేళ్లలోపు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపుగింజంత, ఆ తర్వాత ఆరేళ్లదాకా బఠాణీగింజంత చాలు. ప్రకటనల్లో చూపించే బారెడు పేస్టు ఎవరికోసమో! ఏడెనిమిదేళ్లదాకా బ్రష్షు పట్టాల్సింది పెద్దవాళ్లే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగే పిల్లలుంటే మాత్రం ఏ పేస్టు, ఎంత అన్నది డాక్టర్ని అడిగే తేల్చుకోవాలి. అప్పటి నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాసింది 1937లోనే.

ఆరో ఏట మరో మోసం ఉంది. ఏ పన్నూ ఊడకుండానే చిట్టచివర కొత్త దవడ పన్ను వస్తుంది. పాలపన్నేననుకుని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

బుజ్జిగాడి విషయానికొస్తే, డాక్టరు పన్ను పీకలేదు. ఆ రోజు నొప్పి తగ్గే పని మాత్రం చేసి పంపించారు. ఏ పరికరమైనా ముందు చెప్పి, వాడి గోరు మీద తిప్పి చూపించి, ఆ తర్వాతే నోట్లో పెట్టారు. మరో రెండుసార్లు వెళ్లి నరానికి చికిత్స చేయించి, స్టీలు తొడుగు వేయించుకున్నారు. బుగ్గవాచి జ్వరం వచ్చేదాకా ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది. అలా వాచినప్పుడు కాపడాలు పెడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మూడోసారి వెళ్లినప్పుడు పది నెలల చెల్లాయినీ వెంట తీసుకెళ్లారు. దానికి కింద రెండు పళ్లు. పైపళ్లు ముందొస్తే మేనమామకు గండమని కొడుకు కోసం బెంగపెట్టుకున్న అమ్మమ్మ ఇప్పుడు నిశ్చింతగా ఉంది. డాక్టరు చెల్లాయిని ఒళ్లోకి తీసుకోగానే బుజ్జిగాడు పక్కన చేరాడు. 'నోరు పెద్దగా తెరువు, ఏం చేయరులే' అని ధైర్యం చెప్పి, తన స్టీలు పన్ను చూపించాడు.