ముక్కును నమ్మరాదు

అన్నము లేకుండ మనుష్యుడు కొన్ని వారములు బ్రతుకగలడు. నీరు లేకుండ కొన్ని దినములు బ్రతుకగలడు. గాలి లేనిచో కొన్ని నిమిషములకు మించి బ్రతుకజాలడు. అయినను నీటిని వడపోసి త్రాగు మనము, పీల్చు గాలిని పరీక్షింపవలెనని తలంపము. ‘చెడుగాలి యున్నచో ముక్కునకు తెలియదా?’ అని పలువురందురు. ఈ నమ్మకము ప్రాణాంతకమైనది.

2017 మార్చి నెలలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు సమీపమున, ఒక ఆక్వా ఆహార కర్మాగారములో మురుగుతొట్టిని శుభ్రపరచుటకు దిగిన ఐదుగురు పనివారు విషవాయువు సోకి మరణించిరి. వారు యుద్ధమునకు పోలేదు, కూలికి పోయిరి.

గాలి చొరని తొట్లయందును, మురుగు కాలువలయందును వ్యర్థపదార్థములు క్రుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు పుట్టును. అది కొలదిగా నున్నప్పుడు క్రుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన వేయును. అధికమైనప్పుడు ముక్కునకు గల వాసన పట్టు శక్తినే హరించును. అంతట పనివాడు ‘వాసన పోయినది, ఇక భయము లేదు’ అనుకొనును. నిజమునకు అపాయము అప్పుడే పెరిగినది! కార్బన్ మోనాక్సైడు సంగతి ఇంకను విచిత్రము. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో జనరేటరు నడిపినను, బొగ్గుల కుంపటి పెట్టినను అది నిండును. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన పట్టుతో రక్తమునందలి హెమోగ్లోబిన్‌ను అంటుకొనును.

మన పల్లెలలో పాడుబడిన నూతిలో దిగుటకు ముందు లాంతరును త్రాటితో దింపి చూచు ఆచారము కలదు. దీపమారినచో ఎవరును దిగరు. ఇది వివేకముగల పద్ధతియే. ప్రాణవాయువు తగ్గినదని దీపము తెలుపును. కాని విషవాయువు జాడను అది చెప్పజాలదు. మండెడి వాయువున్నచో ఆ దీపమే ప్రేలుడునకు కారణమగును. ఆ ఆచారమునందలి సారము దీపము కాదు. పరీక్షింపక దిగరాదనుటయే సారము. దానిని నిలుపుకొని సాధనమును మార్చుకొనవలెను. వాయువులను కొలుచు చిన్న యంత్రములు నేడు చేతిలో ఇముడునంతటివి లభించుచున్నవి.

‘పనివారు అజాగ్రత్తపరులు, మేమేమి చేయగలము?’ అని కొందరు యజమానులందురు. ఈ మాట న్యాయము కాదు. కంటికి కనబడని దానిని పనివాడెట్లు కనిపెట్టగలడు? తొట్టిలోనికి మంచిగాలిని పంపుట, గాలిని కొలుచుట, నడుమునకు త్రాడు కట్టుట, పైన ఒకనిని కావలి యుంచుట పని చేయించువాని విధులు. రక్షణ సాధనములు లేకుండ మురుగు కాలువలలోనికి మనుష్యులను దింపరాదని 2013 నాటి చట్టము శాసించినది. చట్టమును కాదని దింపి, మరణము సంభవించిన పిమ్మట ‘విధివ్రాత’ యనుట తప్పించుకొనుటయే యగును.

విద్యార్థులారా! వేరొక సంగతిని కూడ మనసున నుంచుకొనుడు. లోపల ఒకడు పడిపోగానే, వానిని రక్షింపవలెనని తోడివాడు దిగును, అతడును పడిపోవును, మూడవవాడు దిగును. ఇట్లు ఒక చావు మూడు చావులగుట పలుమారులు జరిగినది. ముక్కునకు గుడ్డ కట్టుకొన్నను ప్రయోజనము లేదు. గుడ్డ ఈ వాయువులను ఆపజాలదు. జాలిగల హృదయము గొప్పదే. కాని ఆ జాలి మొదట కేక వేయవలెను, 101 నంబరునకు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలెను, త్రాడున్నచో పైనుండి లాగవలెను. ఊపిరికి తగిన సాధనము లేనివాడు దిగకుండుట పిరికితనము కాదు. ఇంకొక యింట దీపమారకుండ కాపాడుట.

మీ యింటివారిలో ఎవరైనను ఇట్టి పనులకు పోవుచుండవచ్చును. రేపు వారు బయలుదేరునప్పుడు ‘లోపలి గాలిని కొలిచిన తరువాతనే దిగు, నాన్నా’ అని చెప్పుడు. చదువు యింటికి చేయగల మేళ్ళలో ఇది చిన్నది కాదు.