పోపుల డబ్బాలోని పైకం

"చిల్లర లేదండీ" అన్న మాట మన గోదావరి జిల్లాలలో క్రమంగా మాసిపోతోంది. రాజమహేంద్రవరం కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్కు తాగినా, కడియపులంకలో బంతిమొక్క కొన్నా, ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకున్నా, ఎదుట ఒక గళ్ళబొమ్మ వేలాడుతూ ఉంటుంది. ఫోను దానికి చూపించి, రహస్యపు అంకెలు నొక్కితే సరి. కొట్లోని పెట్టె ఇంత సొమ్ము ముట్టిందని వీధి వీధంతా వినేటట్టు తెలుగులోనే చెబుతుంది. పది రూపాయల టీ తాగినవాడికి ఇంత చాటింపు వెనకటి జమీందార్లకైనా ఉండేదో లేదో!

తెలుగు పంతుల్ని గనుక నా చెవి ముందు మాటల మీదికి పోతుంది. డబ్బు "ఇవ్వడం", "కట్టడం", "చెల్లించడం" పోయి ఇప్పుడు "కొట్టడం" వచ్చింది. "ఫోన్‌పే కొట్టానండీ" అంటాడు నా శిష్యుడు. దెబ్బ ఎవరికి తగిలిందో నెలాఖరున గాని తెలియదు.

యూపీఐ అనే ఈ ఏర్పాటు 2016 ఏప్రిల్లో మొదలైంది. ఆ సెప్టెంబరులో జియో వచ్చి ఫోనులో లోకం చూడడం చవకయింది. నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయి చేతిలో పైకం కరవయింది. ఇక చెప్పేదేముంది? 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశం మొత్తం మీద ఇలాంటి చెల్లింపులు 2,000 కోట్లు దాటాయి.

అయితే నేను చెప్పదలచింది ఆ కోట్ల సంగతి కాదు. పోపుల డబ్బా సంగతి. మన ఇళ్ళలో ఇల్లాలు పాలవాడి దగ్గర, కూరల బుట్ట దగ్గర మిగిల్చిన సొమ్ము జీలకర్ర అడుగునో, చీరెల మడతలోనో దాచుకొనేది. అది దొంగసొత్తు కాదు సుమండీ! పుట్టింటివారు వస్తే పెట్టడానికీ, పిల్లవాడి ఫీజుకు నాలుగు వందలు తక్కువైతే గుట్టుగా సర్దడానికీ అదే ఆధారం. నోట్ల రద్దునాడు ఆ డబ్బాలన్నీ భర్తల ఎదుట బోర్లించవలసి వచ్చింది. ఇప్పుడు రద్దు లేకుండానే ఆ డబ్బా ఖాళీ అవుతోంది. ఇంట్లోకి నోటే రాకపోతే దాచేది దేన్ని?

"దానికేం, ఆడవాళ్ళకూ బాంకి ఖాతా ఉందిగా" అంటారు. ఉంది. కాని కిటుకంతా ఖాతాలో లేదు, ఖాతాకు కట్టిన ఫోను నెంబరులో ఉంది. బాంకిలో ఏ నెంబరు వ్రాయించారో ఆ నెంబరుగల ఫోనులోనే యూపీఐ పలుకుతుంది. ప్రతి జమా, ప్రతి ఖర్చూ ఆ ఫోనుకే కబురు వెళుతుంది. మా వీధిలో సగం మంది ఇల్లాళ్ళ ఖాతాలకు ఉన్నది మగనివో, కొడుకువో నెంబర్లు. అంటే పొదుపు సంఘం సొమ్ము ఆవిడది, తాళంచెవి ఆయనది. "మధ్యాహ్నం మూడింటికి ఆ 180 ఏమిటి?" అని ఆఫీసు నుంచి ఫోను. వెనకటి అత్తగారికి కూడా ఇంత చూపు లేదు!

2024లో "యూపీఐ సర్కిల్" అని మరొకటి పెట్టారు. ఒకరి ఖాతా మీద ఇంకొకరు ఖర్చు పెట్టుకోవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 దాకా. లేదా ప్రతిసారీ యజమాని సరేనని తన అంకెలు నొక్కాలి. ముసలి తల్లికో, చదువుకొనే పిల్లకో మంచిదే. సంపాదించే ఇల్లాలికి కూడా ఇదే చాలునన్న భర్తలున్నారు. ఆవిడ పేరు అందులో "సెకండరీ యూజరు". ఈ మాటకు నేను తెలుగు చేయను.

ఎదురింటి పిన్నిగారు చేసిన పని నాకు నచ్చింది. అరవై దాటినావిడ. తన పేర ఒక సిమ్ము తీసుకొని, ఆధారు కార్డూ పాసుపుస్తకమూ పట్టుకొని, తానే బాంకికి వెళ్ళి అర్జీ వ్రాసి నెంబరు మార్పించుకున్నారు. మనుమరాలు రెండు సంగతులు నూరిపోసింది: డబ్బు రావడానికి రహస్యపు అంకెలు ఎన్నడూ నొక్కనక్కరలేదు, ఎవరైనా నొక్కమంటే వాడు దొంగ, మోసం జరిగితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. పెద్ద ఫోను లేనివారు కూడా మీటల ఫోనుతో యూపీఐ చెల్లింపు చేసే వీలు 2022 నుంచి ఉందని నేను చెబితే, "నాకెందుకు నాయనా మీటలది, నాకు చీరెలు చూసుకోవాలి" అన్నారు.

మొన్న తణుకులో కూతురి పిల్లకు పుట్టినరోజని 116 రూపాయలు పంపారట.

"బాబాయిగారికి చెప్పారా పిన్నిగారూ?" అన్నాను.

"ఆయన అడిగితే కదా నాయనా చెప్పేది!" అన్నారు.