స్వాగతమే తొలి వడ్డన

భోజనానికి రుచి ఎంత ముఖ్యమో, ఆదరణ అంత ముఖ్యం. జపాన్‌లోని రామెన్ భోజనశాలలు ఇందుకు చక్కని నిదర్శనం. రామెన్ అంటే వేడి చారులో వడ్డించే గోధుమ నూడుల్స్. దీని మూలం చైనా. 1910లో ఒజాకి కాన్‌ఇచి అనే జపాన్ దేశస్థుడు యోకొహామా నుండి చైనా వంటవారిని రప్పించి, టోక్యోలోని అసాకుసాలో ‘రాయ్‌రాయ్‌కెన్’ అనే భోజనశాలను ప్రారంభించాడు. ఆ పేరులోని ‘రాయ్ రాయ్’ అనే మాటకు ‘రండి, రండి’ అని అర్థం. పరదేశపు వంటకాన్నీ, దానిని వండేవారినీ ఆదరించినందువల్లనే రామెన్ కాలక్రమంలో జపాన్ ప్రజల సొంత వంటకమైంది.

నేటికీ గుమ్మానికి వేలాడే ‘నోరెన్’ అనే గుడ్డ తెరను తొలగించుకొని లోపల అడుగుపెట్టగానే, సిబ్బంది ‘ఇరాష్షైమాసే’ అంటూ బిగ్గరగా స్వాగతం పలుకుతారు. ఆ పలకరింపు ధనికునికీ, శ్రామికునికీ ఒక్కటే. అందుకు ప్రతిగా బహుమానం ఆశించడం అక్కడి ఆచారం కాదు. తిన్నవారు సైతం ‘గొచిసోసమా’ అని కృతజ్ఞత తెలిపి వెళతారు.

స్వాగతం కంటే ఈ వీడ్కోలు మాటే మిన్న అని నా అభిప్రాయం. డబ్బు చెల్లించాము కదా, ఇక మాటెందుకు అనుకోవడం సరికాదు. మనం చెల్లించే వెల పదార్థానికే గాని ఆదరణకు కాదు. వడ్డించేవారి నుండి మర్యాదను కోరే మనం వారికీ మర్యాద చూపాలి. అతిథికి సంస్కారం లేనిదే ఆతిథ్యం పరిపూర్ణం కాదు.