నక్షత్రకుడి పుస్తకం

మొన్న సంక్రాంతికి అచ్యుతాపురం వెళ్ళాను. తాతగారి పెంకుటిల్లు అమ్మివేయాలని అందరూ కూడి నిర్ణయించారు. నేను కాదనలేదు. నా పేచీ అంతా అటక మీది ట్రంకుపెట్టె దగ్గరే వచ్చింది. అందులో ఆయన నాటకాల పుస్తకాలు పదిహేడు ఉన్నాయి: పాండవోద్యోగవిజయాలు, గయోపాఖ్యానం, సత్యహరిశ్చంద్రీయం, చింతామణి వగైరా. అట్టలు ఊడినవి కొన్ని, చెదలు రుచి చూసినవి కొన్ని. వీటినేం చేద్దామన్న ప్రశ్న ఫోనులో అమెరికా దాకా వెళ్ళింది. అక్కడినుంచి మా మేనల్లుడు తీర్పు చెప్పాడు: "ఇవన్నీ నెట్లో దొరుకుతాయి మావయ్యా. తూకానికి వేసెయ్యండి. ఉంచుకోవడం వట్టి సెంటిమెంటు."

ఆ "వట్టి సెంటిమెంటు" మీదనే ఈ టపా. వాడొక్కడే అయితే నవ్వి ఊరుకుందును. సాహిత్యాభిమానులమని చెప్పుకునేవారు కూడా ఈ మధ్య ఇదే పాట పాడుతున్నారు.

చిత్రమేమంటే, ఆ తీర్పు చెబుతున్నప్పుడు వాడి వెనుక అలమారు నిండా డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు కనిపిస్తున్నాయి. తెలియనివారి కోసం ఒక ముక్క. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రాయగా 1974లో మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో పెట్టి అమ్మిన ఆట అది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా తలా ఒక పాత్ర పట్టి, పాచికలు వేస్తూ కథ నడుపుకుంటారు. రంగు పూసుకోనక్కరలేదు, మాటలతోనే సరి. 2014లో దానికి అయిదవ కూర్పు వచ్చింది, 2024లో దాన్నీ సవరించి మళ్ళీ వేశారు. మావాడు మాత్రం కాలేజీనాటి పాత కూర్పునే దాచుకున్నాడు. కాఫీ మరకలు, పెన్సిలు లెక్కలు, స్నేహితుడెవడో గీసిన రాక్షసుడి బొమ్మ, అన్నీ ముచ్చటగా చూపించాడు. కొత్తది ఉండగా ఇదెందుకురా అంటే, "ఇది నేను ఆడిన పుస్తకం మావయ్యా" అన్నాడు.

నాయనా, ఇవి మీ ముత్తాత ఆడిన పుస్తకాలు.

గయోపాఖ్యానం లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని ప్రసిద్ధి. లక్ష ఉన్నదానికి విలువేమిటని అడుగుతారు. అచ్చయిన నాటకం ఒకటి, ఆడిన నాటకం ఇంకొకటి అని తెలిస్తే ఆ ప్రశ్న రాదు. తాతగారు హరిశ్చంద్రలో నక్షత్రకుడు. విశ్వామిత్రుడి అప్పు వసూలుకు హరిశ్చంద్రుడి వెంటపడి వేధించే శిష్యుడి వేషం. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన మాటలు ఆయన ప్రతిలో సగం కొట్టివేతలే. అంచుల నిండా సొంత కల్పన. అనకాపల్లిలో ఆడితే బెల్లం తూకం మీద ఒక విసురు, పూడిమడకలో ఆడితే వలల మీద ఇంకొకటి. ఒకచోట "మునసబు గారు ముందు వరసలో ఉన్నచో అనరాదు" అని పెన్సిలు హెచ్చరిక. (అంత భయస్థుడని నాకు తెలియదు.)

కాటిసీను దగ్గర వేరే కాగితం అతికించి ఉంది. దాని మీద గుర్రం జాషువా పద్యాలు. శ్మశానాన్ని గురించి జాషువా రాసిన ఆ పద్యాలు బలిజేపల్లివారి నాటకంలోనివి కావు. నటులు తెచ్చి కలిపారు. అవి లేకపోతే జనం ఒప్పుకోని దాకా వచ్చింది. అంటరానివాడని కవిని గుమ్మం బయట నిలబెట్టిన సమాజమే తెల్లవార్లూ ఆయన పద్యానికి వన్స్ మోర్ కొట్టింది! ఈ సంగతి అచ్చు ప్రతిలో వెతకండి, దొరకదు. ఆ అతికించిన కాగితంలో ఉంది, మైదాపిండి మరకతో సహా.

మేనల్లుడు చెప్పిన నెట్ ప్రతిని నేనూ దించుకుని చూశాను. శుభ్రంగా ఉంది. అందులో బలిజేపల్లివారు ఉన్నారు, మా నక్షత్రకుడు లేడు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేయించింది. ఆ పనికి చేతులెత్తి దండం పెడతాను. కాని ఆ సైటే తరువాత మూతపడింది. పుణ్యాత్ములెవరో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఎక్కించబట్టి వాటిలో చాలా పుస్తకాలు బతికాయి. 2009లో జియోసిటీస్ మూసివేసినప్పుడు ఊరికే దొరికిన జాగాల్లో రాసుకున్న రాతలు ఏమయ్యాయో మనకు వేరే చెప్పాలా?

ఇక చింతామణి. వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి కాళ్ళకూరి నారాయణరావు దాదాపు నూరేళ్ళ కిందట రాసిన నాటకం. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్రకు బూతు పట్టింది. ఆర్యవైశ్యుల ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శననే నిషేధించింది. బూతు కవిదా, ఆడినవాళ్ళదా అని అప్పుడెంత రభస! ఏ మాట ఎప్పుడు, ఎవరి చేత చేరిందో చూపగలిగినవి నటుల ప్రతులే. వాటిని కిలోల లెక్కన అమ్ముకున్నాక తగవు ఎలా తేలుతుంది? తాతగారి చింతామణిలో సుబ్బిశెట్టి పుటల్లో ఎవరిదో వేరే దస్తూరీ ఉంది. చదవడానికి నాకే సిగ్గేసింది. చింపలేదు.

మా మండలంలో ప్రత్యేక ఆర్థిక మండలికి భూములు తీసుకున్నప్పుడు ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. పునరావాస కాలనీలకు వెళ్ళినవారు మంచాలు, బిందెలు, దేవుడి పటాలు ట్రాక్టర్ల మీద వేసుకున్నారు. కొబ్బరిచెట్టుకు, జీడిమామిడిచెట్టుకు లెక్క కట్టారు. నాటకం పుస్తకానికి ఎవరు కడతారు? తాతగారి పక్కన హరిశ్చంద్రుడు, విశ్వామిత్రుడు కట్టిన ఇద్దరి ఇళ్ళూ అలా పోయినవే. వారి పిల్లల్ని అడిగాను. అలాంటి పుస్తకాలు ఇంట్లో ఉండేవన్న జ్ఞాపకమే వారికి లేదు. వారిని తప్పుపట్టను. ఇల్లు విప్పుకుని పోతున్నవాడికి పుస్తకం ఎక్కడ గుర్తుంటుంది? నేనూ ఈ పెట్టెను ముప్పై ఏళ్ళు తెరవలేదు.

ఎవరు పాడతారు, ఎవరు చూస్తారు అంటారా? నేను పాడలేను. చెదపురుగుతో వాదించి గెలిచినవాడూ లేడు. పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెట్టి ఏటా పసుపు బొట్టు పెట్టే భక్తులతో కూడా నాకు పొత్తు కుదరదు. నేనడిగేది చిన్నపని. స్కాన్ చేస్తే ఈ ప్రతినే చెయ్యండి, అంచులతో, కొట్టివేతలతో, అతికింపులతో. తరువాత కాగితాన్ని పారెయ్యకండి. ఇంట్లో చోటు లేదంటే ఎవరి అటకైనా అడగండి. మా ఇంట్లో చోటుంది.

పెట్టె నాతో తెచ్చుకున్నాను. నక్షత్రకుడి పుస్తకం వెనక అట్ట లోపల బాకీల పట్టీ ఉంది. పెట్రోమాక్సు లైట్లకు అయిదు, హార్మోనియం ఆయనకు పన్నెండు రూపాయలు ఇవ్వాలని రాసుకున్నారు. లైట్ల బాకీ కొట్టేసి ఉంది. పన్నెండు రూపాయలు అలాగే ఉన్నాయి. ఆ పుట ఫోటో తీసి మేనల్లుడికి పంపాను. "ఆ హార్మోనియం ఆయన వాళ్ళు ఇప్పుడెక్కడుంటున్నారు మావయ్యా?" అని అడిగాడు.